ఒక్క ఓటు తేడాతో దిగిపోయిన ముఖ్యమంత్రి

టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు వినగానే మనవాళ్ళందరికీ 1928లో మద్రాసులో సైమన్ కమిషన్‌కు ఎదురుగా తుపాకుల ముందు రొమ్ము చూపిన సంగతే గుర్తొస్తుంది. ఆయన శాసనసభలో పడ్డ పాట్లు మాత్రం చాలామందికి తెలియవు. మేము ఈసారి దాన్ని గురించే రాయదలిచాము.

1872లో వినోదరాయునిపాలెంలో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోతే తల్లి ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పెంచింది. చదువు ఆగిపోకుండా చూసింది హనుమంతరావు నాయుడు గారనే ఒక మాస్టారు. మేమూ బడిపంతుళ్ళమే గనుక ఈ మాట దాటిపోలేకపోతున్నాము. ఆ పిల్లవాడే తర్వాత బారిష్టరయ్యాడు, స్వరాజ్య పత్రిక పెట్టి సంపాదించిందంతా దానికే పోశాడు.

1946 ఏప్రిల్‌లో మద్రాసు ప్రధానమంత్రి అయ్యారు. సొంత పార్టీవాళ్ళే ఏడాది నిండకుండా 1947 మార్చిలో దింపేశారు. పంతులు గారు 1951లో కాంగ్రెసు వదిలారు. 1952 ఎన్నికల్లో 375 స్థానాల మద్రాసు సభలో కాంగ్రెసుకు 152 మాత్రమే వచ్చాయి. ప్రతిపక్షాలన్నీ కలిసి 166 మందిమి ఉన్నామని పంతులు గారిని నాయకుణ్ణి చేసుకున్నాయి. చిత్రమేమంటే ఆ ఎన్నికల్లో ఆయనే ఓడిపోయారు! గవర్నరు రాజాజీని మండలికి నామినేట్ చేసి పిలిచారు. లెక్క తారుమారైంది.

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. సభలో 140 మంది. కమ్యూనిస్టులు నలభైకి పైగా, కాంగ్రెసు బలమూ దాదాపు అంతే. ఎవరికీ సొంతంగా మెజారిటీ లేదు. కాంగ్రెసువాళ్ళు, తమను వదిలిపోయిన ఈ ముసలాయన్నే పిలిచి ముఖ్యమంత్రిని చేశారు. అందుకోసం ఆయన తన ప్రజా సోషలిస్టు పార్టీని వదులుకోవలసి వచ్చింది. ఇన్ని పార్టీలు మారడం మాకు నచ్చదు. అయితే పదవితో ఇల్లు కట్టుకోలేదని కూడా ఒప్పుకోవాలి.

మద్యనిషేధం దగ్గర గొడవ ముదిరింది. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం ఒకే ఒక్క ఓటుతో నెగ్గింది. తరగతిలో ఓట్ల లెక్క చెప్పేటప్పుడు పిల్లలకు ఈ సంగతే చెబుతుంటాము. నోళ్ళు తెరుచుకుని వింటారు.

1955 మధ్యంతర ఎన్నికల్లో కాంగ్రెసు కూటమికి 196లో 146 వచ్చాయి. కమ్యూనిస్టులకు సుమారు 31 శాతం ఓట్లు పడినా 15 సీట్లే దక్కాయి. ముఖ్యమంత్రి పదవి బెజవాడ గోపాలరెడ్డి గారికి పోయింది. పంతులు గారికి అప్పటికి ఎనభై రెండేళ్ళు. ఆ వయసులోనూ ఊళ్ళు తిరగడం మానలేదు. 1957 వేసవిలో ఒంగోలు ప్రాంతంలో తిరుగుతూ వడదెబ్బ తిన్నారు. మే 20న హైదరాబాదులో కన్నుమూశారు.