త్యాగరాజ భాగవతార్ – అభిమానం, అపనింద, న్యాయం

దక్షిణాది సినిమాకు తొలి సూపర్ స్టార్‌గా పేరు పొందిన గాయక నటుడు ఎం.కె. త్యాగరాజ భాగవతార్. ఆయన 1910 మార్చి 1న తమిళనాడులోని మాయవరంలో ఒక సామాన్య విశ్వకర్మ కుటుంబంలో జన్మించారు. చిన్ననాటి నుండి చదువు కంటే పాట మీదే మక్కువ. నాటకాల్లో రాణించి, 1934లో 'పవళక్కొడి' చిత్రంతో సినిమాల్లోకి వచ్చారు. 1944 దీపావళికి విడుదలైన 'హరిదాస్' మద్రాసు బ్రాడ్వే థియేటరులో మూడు దీపావళుల పాటు ఆడింది.

అదే సంవత్సరం నవంబరు 8న మద్రాసులో లక్ష్మీకాంతన్ అనే పత్రికా సంపాదకుడు కత్తిపోట్లకు గురై మరునాడు మరణించాడు. సినిమా వారి సొంత జీవితాల గురించి రాసే పత్రిక ఆయనది. ఈ హత్యకు కుట్ర పన్నారన్న అభియోగంపై భాగవతార్‌ను, హాస్యనటుడు ఎన్.ఎస్. కృష్ణన్‌ను, దర్శకుడు శ్రీరాములు నాయుడును అరెస్టు చేశారు.

అభిమానులకు ఆయన దేవుడు, దేవుడు తప్పు చేయడు. గిట్టని వారికి అరెస్టయితే చాలు, నేరం రుజువైనట్లే. ఈ రెండు వర్గాలలో సాక్ష్యాలు పరిశీలించిన వారు ఎందరు? చనిపోయిన మనిషికి న్యాయం జరగాలన్న మాట ఎందరికి గుర్తుంది?

1945లో జ్యూరీ విచారణ తరువాత శ్రీరాములు నాయుడు నిర్దోషిగా బయటపడ్డారు. మన తెలుగు వారికి 'అగ్గిరాముడు' (1954) చిత్రం అందించినది ఆయనే. భాగవతార్‌కు, కృష్ణన్‌కు యావజ్జీవ ద్వీపాంతర శిక్ష పడింది. హైకోర్టులో అప్పీలు వీగిపోయింది. అయినా వారు పట్టు విడువక లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ వరకు వెళ్లారు. కేసును మళ్లీ వినమని ప్రీవీ కౌన్సిల్ తిప్పి పంపగా, 1947 ఏప్రిల్‌లో మద్రాసు హైకోర్టు ఇద్దరినీ నిర్దోషులుగా విడుదల చేసింది.

అప్పటికి రెండేళ్లకు పైగా జైలులో గడిచిపోయాయి. కృష్ణన్ మళ్లీ నిలదొక్కుకున్నారు. భాగవతార్‌కు మాత్రం పాత వైభవం తిరిగి రాలేదు. తరువాతి చిత్రాలు ఆడలేదు. 1959 నవంబరు 1న, యాభై ఏళ్లైనా నిండకుండానే కన్నుమూశారు. కోర్టు స్వేచ్ఛను ఇవ్వగలిగింది గానీ పోయిన కాలాన్ని ఇవ్వలేకపోయింది.

మిత్రులారా! అభిమానం సాక్ష్యం కాదు, పుకారు అంతకన్నా కాదు. అరెస్టయిన ప్రతి వ్యక్తికీ కారణం తెలుసుకునే హక్కు, తనకు నచ్చిన న్యాయవాదిని పెట్టుకునే హక్కు ఉన్నాయని డా. అంబేద్కర్ సారథ్యంలో రూపొందిన మన రాజ్యాంగం 22వ అధికరణలో చెప్పింది. ఆ హక్కు సినిమా హీరోకు ఎంతో, మన హాస్టల్లో పెట్టె పోయినప్పుడు అందరూ వేలెత్తి చూపే పేద విద్యార్థికీ అంతే. హీరోకు లండన్ దాకా వెళ్లే స్తోమత ఉంది. ఆ విద్యార్థికి ఉన్నది మనమే. కాబట్టి వేలెత్తే ముందు అతని మాట కూడా విందాం.