గొబ్బూరి జగ్గరాజు – ఒక రాజహత్య, దాని పర్యవసానం

చరిత్ర గ్రంథాలలో విజేతలకు లభించే స్థానం పరాజితులకు లభించదు. అందులోను తన ప్రభువును వధించిన అపకీర్తిని మూటగట్టుకొన్నవాని జీవితాన్ని తెలిసికొనవలెనన్న కోరిక సామాన్యంగా ఎవరికీ కలుగదు. అయినను ఒక రాజ్యం ఎట్లు నిలిచినదో తెలియుటకు సత్పురుషుల చరిత్ర ఎంత అవసరమో, అది ఎట్లు కూలినదో తెలియుటకు ఇట్టివారి చరిత్ర కూడ అంతే అవసరం. ఈ దృష్టితోనే పదిహేడవ శతాబ్ది ఆరంభంలో విజయనగర సామ్రాజ్య భవితవ్యాన్ని తలక్రిందులు చేసిన గొబ్బూరి జగ్గరాజు కథను ఇక్కడ సంగ్రహంగా వివరిస్తున్నాను.

1565 జనవరిలో జరిగిన రాక్షసతంగడి యుద్ధంతో విజయనగర సామ్రాజ్యం అంతరించినదని చాలమంది విద్యార్థులు భావిస్తారు. ఇది సరికాదు. ఆరవీటి వంశీయులు రాజధానిని పెనుగొండకు, అక్కడినుండి చంద్రగిరికి, పిమ్మట వేలూరుకు మార్చుకొంటూ మరి ఎనుబదియేండ్లు రాజ్యం నిలుపుకొన్నారు. వారిలో 1586 ప్రాంతంలో సింహాసనమెక్కిన వేంకటపతిదేవరాయలు సమర్థుడు. ఆయన కొలువులో గొబ్బూరివారు, వెలుగోటివారు, దామెర్లవారు మున్నగు తెలుగు ప్రభువులు మూలస్తంభాలవలె ఉండేవారు. గొబ్బూరివారికి రాజుతో వియ్యం కూడ కలిసినది. ఆ ఇంటి ఆడపడుచు రాయల రాణులలో ఒకతె. జగ్గరాజు ఆమె తోబుట్టువు. బలగం, భూములు, అంతఃపురంలో పలుకుబడి మూడును ఒక్కచోట చేరుట వలన ఆయన రాజ్యంలో అగ్రగణ్యులలో ఒకడైనాడు.

వేంకటపతిరాయలకు రాణులు పలువురున్నను సంతానం కలుగలేదు. ఈ ఒక్క లోపమే అనర్థాలకన్నిటికీ మూలమైనది. కొచ్చిలో నివసించిన బర్రడాస్ అను పోర్చుగీసు క్రైస్తవ మతాచార్యుడు 1616 డిసెంబరులో వ్రాసిన లేఖ ఈ ఉదంతానికి ప్రధానమైన ఆధారం. ఆ లేఖ ప్రకారం గొబ్బూరివారి ఆడపడుచు గర్భం ధరించినట్లు నటించి, ఒక బ్రాహ్మణ స్త్రీ బిడ్డను తెచ్చి తన కుమారుడని ప్రకటించినది. రాజుకు నిజం తెలిసినను రాణిమీది అనురాగంతో మిన్నకున్నాడు. బాలుడు రాకుమారునివలె పెరిగినాడు. కాని అంత్యకాలం సమీపించినప్పుడు రాయలు ధర్మసంకటంలో పడి, చివరకు అన్న కుమారుడైన శ్రీరంగరాయలను పిలిపించి రాజముద్రిక గల ఉంగరాన్ని అతనికి అప్పగించినాడు. 1614 అక్టోబరులో ఆయన కన్నుమూసినాడు.

జగ్గరాజు దృష్టితో చూచిన ఇది తన ఇంటికి జరిగిన అవమానం. ఏండ్ల తరబడి రాకుమారుడని లోకమంతా నమస్కరించిన మేనల్లుడు ఒక్క గడియలో ఏమియు కానివాడైనాడు. తాను ఇక రాజబంధువు కాడు. వారసత్వ నిర్ణయానికి స్థిరమైన కట్టుబాటు లేని ఆ కాలంలో బలవంతుడు ఊరకుండుట కష్టం. ఇంతవరకు మనం ఆయన ఆగ్రహాన్ని అర్థం చేసికొనవచ్చును. తర్వాత ఆయన చేసిన పనులను మాత్రం సమర్థించలేము. మరి ఇద్దరు ప్రభువులతో చేతులు కలిపి, పట్టాభిషిక్తుడైన శ్రీరంగరాయలను భార్యాబిడ్డలతో సహా వేలూరు కోటలో బంధించి, తన మేనల్లుని సింహాసనంపై కూర్చుండబెట్టినాడు. సామంతులందరును వచ్చి కొత్త రాజుకు మ్రొక్కినారు. ఒక్క వెలుగోటి యాచమనాయకుడు మాత్రం అందుకు సమ్మతింపక, తన సేనతో విడిగా దండు విడిసినాడు.

యాచమనాయకునికి అప్పటికి సైన్యబలం స్వల్పం. కోటను ముట్టడించి గెలువలేడు. కనుక ఉపాయం పన్నినాడు. కోటలోనికి బట్టలకు వచ్చిపోయే ఒక చాకలివాని సహాయంతో శ్రీరంగరాయల రెండవ కుమారుడైన రామదేవుని మైలబట్టల మూటలో దాచి వెలుపలికి చేర్చగలిగినాడు. అప్పటికి బాలునికి పన్నెండేండ్లు. ప్రాణాలకు తెగించి ఒక సామ్రాజ్యానికి వారసుని భుజాన మోసిన ఆ మనిషి పేరును మాత్రం చరిత్ర పదిలపరచలేదు. తరువాత రాజును సొరంగ మార్గాన తప్పించుటకు జరిగిన ప్రయత్నం బయటపడినది. కోటలోని ఒక దళనాయకుని చేత కావలివారిని చంపించి రాజును విడిపించే యత్నం కూడ ఫలింపలేదు. యాచమనాయకుడు వచ్చి చేరులోపలే జగ్గరాజుకు వార్త అందినది.

ఆ వార్తతో జగ్గరాజు నిర్ణయం ఖాయమైనది. రాజు ప్రాణాలతో ఉన్నంతకాలం తనకు నిద్ర ఉండదని ఆయన గ్రహించినాడు. తన తమ్ముని కోటలోనికి పంపినాడు. విచారణ లేదు, ఆరోపణ లేదు. తప్పించుకొను దారి లేదని తెలిసికొన్న శ్రీరంగరాయలు భార్యాబిడ్డలతో సహా ఆ గోడల నడుమ కత్తికి బలియైనాడు.

ఈ వార్త దేశమంతటా ప్రాకగానే, నిన్నటివరకు మౌనంగా ఉన్న సామంతులు జగ్గరాజును ఏవగించుకొన్నారు. పలువురు యాచమనాయకుని పక్షం చేరినారు. తంజావూరు ప్రభువు రఘునాథనాయకుడు రామదేవునికి బాసటగా నిలిచినాడు. మధుర, చెంజి నాయకులు జగ్గరాజు వైపు నిలిచినారు. ఉభయ సైన్యాలు 1616–17 ప్రాంతంలో తిరుచిరాపల్లికి సమీపాన తోపూరు వద్ద తలపడినాయి. శత్రువు దారిని అడ్డగించుటకు జగ్గరాజు పక్షం వారు కావేరి ఆనకట్టను సైతం తెగగొట్టినారని తంజావూరు ఆస్థాన కావ్యాలు పేర్కొంటున్నాయి. ఆ యుద్ధంలోనే జగ్గరాజు మరణించినాడు. ఎవరికొరకు ఇంత రక్తం చిందించినాడో ఆ మేనల్లుడు బందీ అయినాడు. మూటలో బయటపడిన బాలుడు రామదేవరాయలై పట్టాభిషిక్తుడైనాడు.

అంతటితో కలహం చల్లారలేదు. జగ్గరాజు తమ్ముడు ఎతిరాజు పోరాటం కొనసాగించినాడు. చివరకు రామదేవరాయలు ఎతిరాజు కుమార్తెను వివాహమాడి సంధి చేసికొన్నాడు. తండ్రిని చంపించిన వంశంలోని పిల్లనే కుమారుడు పట్టపురాణిగా చేసికొనవలసి వచ్చినది! ఈలోగా రాజ్యం సన్నగిల్లినది. 1624లో కర్నూలు బీజాపూరు వశమైనది. 1639లో దామెర్లవారి అనుమతితో ఆంగ్లేయులు చెన్నపట్టణంలో కాలూనినారు. గోల్కొండ సేనాని మీర్ జుమ్లా ఉదయగిరిని, 1650లో గండికోటను సాధించినాడు. బయటివారు పగులగొట్టుటకు ముందే లోపలివారు కోటను బీటలు వార్చినారు.

రాజహత్య ఏ ఒక్క మతానికో, ఏ ఒక్క దేశానికో చెందిన దోషం కాదు. మన గోల్కొండలోనే 1543లో వృద్ధుడైన సుల్తాన్ కులీ కుతుబ్ షా మసీదులో నమాజు వేళ హతుడైనాడు. ఆ కుట్ర వెనుక నిలిచినవాడు సొంత కుమారుడు జంషీద్. ప్రాణభీతితో పారిపోయిన చిన్న కుమారుడు ఇబ్రహీం విజయనగరంలో ఏడేండ్లు ఆశ్రయం పొంది, 1550లో తిరిగివచ్చి సింహాసనమెక్కినాడు. జగ్గరాజు మరణించిన ముప్పది యేండ్లకు ఇంగ్లండులో పార్లమెంటు పక్షం వారు చార్లెస్ రాజును బహిరంగంగా విచారించి 1649 జనవరి 30న శిరచ్ఛేదం చేయించినారు. మరణశాసనంపై 59 మంది సంతకాలు చేసినారు. వారిలో ఒకడు వేల్స్ దేశీయుడైన జాన్ జోన్స్. 1660లో చార్లెస్ కుమారుడు తిరిగి రాజైనప్పుడు జోన్స్ దేశం విడిచి పారిపోలేదు. పట్టుబడి, అదే సంవత్సరం అక్టోబరు 17న మరణదండన పొందినాడు. ఆ విచారణ చట్టబద్ధమా కాదా అన్నది వేరు వివాదం. కాని తాను చేసిన పని క్రింద తన పేరు వ్రాసినవాడు దానికి జవాబుదారీ అయినాడు. జగ్గరాజు పనికి విచారణ లేదు, సంతకం లేదు, సాక్షులు కోటగోడలే.

ఈ మూడు ఉదంతాలలోను ఒక పోలిక కలదు. చంపబడిన రాజు కుమారుడు ఎక్కడో ఒకచోట బ్రతికి, తిరిగివచ్చి సింహాసనమెక్కినాడు. మనిషిని చంపిన అధికారం చేతికి రావచ్చును గాని, ఆ అధికారాన్ని ఆమోదించే జనహృదయం చేతికి రాదు. వేలూరు కొలువులో సామంతులందరి మ్రొక్కులు అందుకొన్న జగ్గరాజుకు ఆ ఆమోదం ఉన్నదని తోచినది. మ్రొక్కులలో భయమెంతో భక్తి ఎంతో ఆయన లెక్కించుకొనలేదు.

వేలూరు కోట నేటికీ కందకంతో, రాతిగోడలతో చెక్కుచెదరక నిలిచియున్నది. టిప్పు సుల్తాన్ మరణానంతరం ఆయన కుటుంబాన్ని కూడ ఆంగ్లేయులు కొంతకాలం అక్కడనే నిర్బంధించినారు. విద్యార్థులు విహారయాత్రకు ఆ ప్రాంతానికి వెళ్లినప్పుడు ఆ గోడలను కేవలం శిల్పసౌందర్యం కొరకే చూడక, ఆ ద్వారాన ఒకనాడు మైలబట్టల మూటతో తలవంచుకొని నడచిపోయిన ఆ పేరులేని మనిషిని కూడ ఒక్క క్షణం స్మరింతురుగాక. జగ్గరాజు సేనలు, ఐశ్వర్యం, బంధుబలం అన్నియు కలిసి సాధింపలేని దానిని ఆ మూట సాధించినది.