కొడుకు ముఖం చూడని తండ్రి, పసిపిల్లలకు ప్రాణం పోసిన శాస్త్రవేత్త
భీమవరం బిడ్డ ఎల్లాప్రగడ సుబ్బారావు జీవితం

భీమవరం: గర్భిణులకు ఆరోగ్య ఉపకేంద్రంలో ఇచ్చే మాత్ర, బోదకాలు రాకుండా ఇంటింటికీ తిరిగి మింగించే మాత్ర, రక్త క్యాన్సర్ వచ్చిన పసివాళ్లకు పట్నం ఆసుపత్రుల్లో వాడే మందు. ఈ మూడింటి వెనుక ఉన్నది ఒక్క మనిషే. ఆయన ఈ ఊళ్లోనే పుట్టారన్న సంగతి మనలో చాలామందికి తెలుసు. అయితే ఆ చదువు కోసం ఆయన, ఆయన ఇంటివారు చెల్లించిన మూల్యం ఎంతో తెలిసినవారు తక్కువ.

డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం, తల్లి వెంకమ్మ. ఇంట్లో పిల్లలు ఎక్కువ, రాబడి తక్కువ. పదమూడేళ్ల వయసులో చదువు మీద విసుగు పుట్టి, కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్ముకొని బతుకుదామని ఇల్లు విడిచి బయలుదేరారు. తల్లి దారిలోనే పట్టించి వెనక్కి తెప్పించారు. తర్వాత తండ్రి పోయారు. వెంకమ్మగారు పట్టు విడవక, నగలు అమ్మి కొడుకును చదివించారు. రెండుసార్లు తప్పి, మూడోసారి మద్రాసులో మెట్రిక్ గట్టెక్కారు.

ఖద్దరుతో వచ్చిన చిక్కు

ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుతున్నప్పుడు మనసు రామకృష్ణ మఠం వైపు మళ్లింది. సన్యాసం తీసుకుందామనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. చివరికి మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. ఖర్చుకు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు అండగా నిలిచారు. 1919లో వారి కుమార్తె శేషగిరినే సుబ్బారావు వివాహం చేసుకున్నారు.

అవి గాంధీజీ విదేశీ వస్త్ర బహిష్కరణకు పిలుపు ఇచ్చిన రోజులు. సుబ్బారావు శస్త్రచికిత్స గదిలో కూడా ఖద్దరు దుస్తులే వేసుకున్నారు. ఇది తెల్ల ప్రొఫెసరుకు నచ్చలేదు. పరీక్షలు బాగానే రాసినా పూర్తి ఎం.బి.బి.ఎస్. పట్టా ఇవ్వక, దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టారు. మద్రాసు వైద్య సర్వీసులో ఉద్యోగానికి ప్రయత్నించినా దొరకలేదు. డాక్టర్ ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీర శాస్త్రం బోధించే పనిలో కుదిరారు.

ఈలోగా ఇంట్లో పిడుగు పడింది. స్ప్రూ అనే జబ్బుతో అన్నదమ్ములు ఇద్దరు ఎనిమిది రోజుల తేడాలో మరణించారు. తిన్నది ఒంటపట్టక, రక్తం క్షీణించి మనిషి చిక్కి శల్యమయ్యే జబ్బు అది. సుబ్బారావుకు కూడా అదే జబ్బు సోకగా, లక్ష్మీపతిగారి వైద్యంతో బయటపడ్డారు. ఈ జబ్బులకు మందు కనిపెట్టాలన్న పట్టుదల అప్పటినుంచి ఆయనను వదలలేదు.

నిండు చూలాలిని విడిచి

అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణదేశాల జబ్బుల గురించి ప్రత్యేకంగా నేర్పుతారని తెలిసి అక్కడకు వెళ్లాలని నిశ్చయించారు. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి సాయం చేస్తామన్నది. మిగిలిన డబ్బు మామగారు కూడగట్టారు. 1920ల తొలినాళ్లలో ఓడ ఎక్కారు. అప్పటికి భార్య గర్భవతి.

మూడు బరువులను ఆయన ఒకేసారి ఎత్తుకోవలసి వచ్చింది. ఒకటి కాబోయే తండ్రి బాధ్యత, రెండు పూర్తికాని చదువు, మూడు కోరుకున్నది కాని ఉద్యోగం. ఇంటి దగ్గర ఉంటే బిడ్డను ఎత్తుకోవచ్చు గాని, తక్కువ పట్టాతో, చాలీచాలని జీతంతో ఎదుగుదల లేదు. వెళితే చదువు దక్కుతుంది గాని, పురిటి సమయానికి ఉండరు. చదువు ముగించుకొని తిరిగి వచ్చి ఇద్దరినీ చూసుకోవచ్చన్నదే అప్పటి ఆలోచన.

బోస్టన్ చేరాక చేతిలో డబ్బు నిలవలేదు. వైద్యం చదివిన ఆ మనిషి పీటర్ బెంట్ బ్రిగమ్ ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తే పనికి కుదిరి, పగలు చదువుకున్నారు. ఇక్కడ శేషగిరిగారికి మగబిడ్డ కలిగాడు. ఆ రోజుల్లో ఉత్తరం ఓడ మీద వెళ్లి చేరడానికి వారాలు పట్టేది. పుట్టాడన్న కబురు అలా సముద్రాలు దాటి వెళ్లింది. ఆ పసివాడు బతకలేదు. ఏడాది నిండకుండానే కన్నుమూశాడు. ఆ కబురు కూడా అదే సముద్రాలు దాటి వెళ్లింది. తండ్రి కొడుకు ముఖం చూడలేదు, కొడుకు తండ్రిని ఎరగడు.

పట్టా వచ్చింది, పదవి రాలేదు

ఉష్ణదేశ వైద్యంలో డిప్లొమా చేతికి వచ్చింది. అప్పుడే తిరిగి రావచ్చు. అయితే జబ్బుకు మూలం తెలియాలంటే శరీరంలో జరిగే రసాయన క్రియలు తెలియాలని ఆయనకు అర్థమైంది. జీవరసాయన శాస్త్ర విభాగంలో డాక్టర్ సైరస్ ఫిస్క్ దగ్గర పనిలో చేరారు. 1925లో వీరిద్దరూ రక్తం, మూత్రాలలో భాస్వరం పాలు కొలిచే పద్ధతి ప్రకటించారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి పేరుతో అది ప్రపంచంలోని ప్రయోగశాలలన్నిటికీ పాకింది. 1927లో కండరాలలో ఫాస్ఫోక్రియాటిన్ అనే పదార్థాన్ని, 1929లో ఏ.టి.పి.ని వెలికితీశారు. మనం చేయి ఎత్తినా, అడుగు వేసినా శక్తినిచ్చేవి ఇవే. 1930లో హార్వర్డ్ ఆయనకు పిహెచ్.డి. పట్టా ఇచ్చింది.

పట్టా వచ్చేసరికి ఇల్లు విడిచి ఏడేళ్లు దాటింది. అప్పుడైనా రావచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. కాని ఆనాటి అమెరికా చట్టాలు భారతీయులను స్థిరపడనిచ్చేవి కావు. చదువు పేరుతో ఉన్నవారు ఒకసారి దేశం దాటితే తిరిగి రానిస్తారన్న హామీ లేదు. ఇక్కడికి వస్తే పరిశోధన అక్కడితో ఆగినట్టే. స్ప్రూ, రక్తహీనత వంటి జబ్బులకు కాలేయంలో ఏదో మందు పదార్థం ఉన్నదని అప్పటికే జాడ దొరికింది. దాన్ని వదిలి ఆయన రాలేకపోయారు. శేషగిరిగారు ఇక్కడ ఎదురుచూస్తూనే ఉన్నారు.

హార్వర్డ్‌లో ఇన్నేళ్లు పనిచేసినా ఆయనకు స్థిరమైన ఆచార్య పదవి దక్కలేదు. 1940లో మరో నిర్ణయం తీసుకోవలసి వచ్చింది. పేరున్న విశ్వవిద్యాలయాన్ని విడిచి, న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లోని లెడర్లీ మందుల కంపెనీ పరిశోధనాలయంలో చేరారు. అక్కడ పరిశోధన అంతటికీ నాయకత్వం ఆయన చేతికి వచ్చింది.

ఎనిమిదేళ్లలో ఎన్ని మందులో

1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. అన్నదమ్ములను మింగిన స్ప్రూ జబ్బుకు అది మందు అయింది. ఈనాడు మన పల్లెల్లో గర్భిణులకు ఇనుముతో కలిపి ఇచ్చే మాత్రలో ఉన్నది అదే. తాను గర్భవతిగా విడిచి వచ్చిన ఇల్లాలికి ఆ రోజుల్లో అటువంటి మాత్ర లేదు.

1947లో వెలువడిన హెట్రజాన్ బోదకాలు పురుగుల మీద పనిచేసింది. మురుగు కాలువలు, దోమలతో తరతరాలు బోదకాలు బాధ పడిన గోదావరి డెల్టాకు దాని విలువ వేరే చెప్పనక్కరలేదు. ఆరోగ్య సిబ్బంది పంచే డి.ఇ.సి. మాత్ర అదే. 1948లో వెలువడిన ఆరియోమైసిన్ టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు. దాన్ని కనిపెట్టిన డాక్టర్ డగ్గర్ పనిచేసింది సుబ్బారావుగారి విభాగంలోనే.

అన్నిటికంటే చెప్పుకోదగ్గది మరొకటి. ఫోలిక్ ఆమ్లానికి ఎదురుగా పనిచేసే అమినోప్టెరిన్ అనే మందును ఆయన బృందం తయారుచేసి, బోస్టన్‌లో పిల్లల ఆసుపత్రి వైద్యుడు డాక్టర్ సిడ్నీ ఫార్బర్‌కు పంపింది. అప్పటివరకు రక్త క్యాన్సర్ సోకిన పసివాడు బతకడం అనే మాట లేదు. ఫార్బర్ 16 మంది పిల్లలకు ఈ మందు ఇవ్వగా, 10 మందిలో జబ్బు తగ్గుముఖం పట్టింది. ఆ మేలు కొంతకాలమే నిలిచినా, రక్త క్యాన్సర్‌ను మందుతో లొంగదీయవచ్చని లోకానికి తెలిసింది అప్పుడే. దీని తోబుట్టువు వంటి మెథోట్రెక్సేట్‌ను వైద్యులు ఈనాటికీ వాడుతున్నారు. ఆ పిల్లల ఆసుపత్రి, సుబ్బారావు ఒకప్పుడు రాత్రిపూట పాత్రలు ఎత్తిన ఆసుపత్రి ఇరుగుపొరుగున ఉన్నవే. కొడుకు పోయిన కబురు విన్న చోటనే, పాతికేళ్ల తర్వాత పరాయి పిల్లలకు ఆయన మందు అందింది.

తిరిగిరాని ప్రయాణం

ఫార్బర్ ఫలితాలు 1948 జూన్‌లో అచ్చయ్యాయి. రెండు నెలలు దాటగానే, ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే గుండె ఆగి మరణించారు. వయసు 53. భారతీయులు పౌరసత్వం పొందడానికి అమెరికా చట్టం 1946లోనే వీలు కల్పించినా, ఆయన భారతీయుడిగానే పోయారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి ఏడాది. శేషగిరిగారు భర్తను మళ్లీ చూడనే లేదు. శతజయంతి సందర్భంగా 1995లో ప్రభుత్వం ఆయన పేర తపాలా బిళ్ల విడుదల చేసింది.

ఈ డెల్టా పల్లెల నుంచి ఈనాడు ఎందరో కుర్రవాళ్లు పై చదువులకు అమెరికా వెళుతున్నారు. పెళ్లయి, బిడ్డ పుట్టబోతుండగా వెళ్లేవారూ ఉన్నారు. బిడ్డ పుట్టిన గంటకే ఫోనులో ముఖం చూడగలుగుతున్నారు. అయినా చదువా, ఉద్యోగమా, ఇల్లా అన్న చిక్కు మాత్రం తీరలేదు. సుబ్బారావుగారు చేసింది సరైనదా కాదా అని తీర్పు చెప్పడం మన పని కాదు. ఆయన కనిపెట్టిన మందులను తలచుకొనేటప్పుడు, ఆ ఓడ వెళ్లాక ఇక్కడ పురిటి మంచం మీద ఒంటరిగా మిగిలిన ఇల్లాలిని, తండ్రి చేతుల్లోకి ఎన్నడూ వెళ్లని ఆ పసివాడిని కూడా తలచుకోవడం న్యాయం. ఆ మందులకు మూల్యం చెల్లించినవారిలో వారిద్దరూ ఉన్నారు.