ఆవిరిని మెట్లు దింపిన ఇంజనీర్

మన ఈఈఈ, మెకానికల్ ఫ్రెండ్స్ థర్మల్ పవర్ స్టేషన్ చూసొస్తే చాలు, కొన్నాళ్లపాటు అవే మాటలు: హెచ్‌పీ, ఐపీ, ఎల్‌పీ, రోటార్, కండెన్సర్, స్టేజ్. సీఎస్‌ఈ చదివే నాకు వీటిలో బాగా నచ్చింది స్టేజ్. ఆ చిన్న మాట వెనక చార్లెస్ పార్సన్స్ అనే ఇంజనీర్ జీవితం మొత్తం ఉంది.

ఆయన 1854లో లండన్‌లో పుట్టారు. పెరిగింది ఐర్లండ్‌లోని బర్ కోటలో. తండ్రి రాస్ ప్రభువు, అప్పట్లో ప్రపంచంలోకెల్లా పెద్ద టెలిస్కోపు కట్టించిన మనిషి. చార్లెస్ బడికి వెళ్లలేదు. తండ్రి దగ్గర పనిచేసే ఖగోళ శాస్త్రవేత్తలే ఇంట్లో పాఠాలు చెప్పేవారు.

1869లో, ఆయనకి పదిహేనేళ్లప్పుడు, ఇంట్లో తయారైన ఆవిరి బండి మీద అన్నదమ్ములు వెళ్తున్నారు. మలుపులో వాళ్ల బంధువు మేరీ వార్డ్ జారి చక్రం కింద పడి చనిపోయారు. మైక్రోస్కోపు మీద పుస్తకాలు రాసిన మనిషి ఆమె. అంత జరిగినా చార్లెస్ యంత్రాల దారి వదల్లేదు. కేంబ్రిడ్జ్‌లో లెక్కలు చదివి, ప్రభువు గారి కొడుకై ఉండి కూడా ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా చేరారు.

అప్పటి సమస్య ఏంటంటే, బాయిలర్ ఆవిరిని ఒక్కసారిగా వదిలితే అది విపరీతమైన వేగంతో దూసుకుపోతుంది. అందులోని శక్తిని పట్టుకోవాలంటే బ్లేడ్లు దాదాపు సగం వేగంతోనైనా తిరగాలి. అప్పటి లోహాలు అంత తట్టుకోలేవు. పార్సన్స్ పట్టుకున్న దారి మన డివైడ్ అండ్ కాంకరే. ప్రెషర్‌ని మెట్లు మెట్లుగా, కొంచెం కొంచెంగా దించారు. కదలని బ్లేడ్ల వరస ఒకటి, వెనకే రోటార్‌తో తిరిగే వరస ఒకటి. ఆ జతే ఒక స్టేజ్. 1884లో తయారైన ఆయన మొదటి టర్బైన్ నిమిషానికి 18,000 చుట్లు తిరిగి సుమారు 7.5 కిలోవాట్లు ఇచ్చింది. ఆ వేగానికి ఆగే డైనమో ఎక్కడా లేకపోతే అదీ ఆయనే డిజైన్ చేసుకున్నారు.

అసలు కష్టం 1889లో వచ్చింది. భాగస్వాములతో పడక బయటికొచ్చి సొంత కంపెనీ పెట్టారు. కానీ పేటెంట్లు పాత కంపెనీ దగ్గరే ఉండిపోయాయి. అంటే తన ఐడియా తనే వాడుకోకూడదు! అయినా ఆగిపోలేదు. ఆవిరి షాఫ్ట్ వెంబడి కాకుండా మధ్యలోంచి అంచుకి పారేలా వేరే టర్బైన్ చేశారు. పాత పేటెంట్లు తిరిగి చేతికొచ్చేసరికి 1894.

ఆ ఏడాదే టర్బినియా అనే పడవ కట్టారు. మొదట అనుకున్న వేగం రాలేదు. ప్రొపెల్లర్ చుట్టూ నీటిలో బుడగలు ఏర్పడి పట్టు పోతోంది. కారణం వెతికి, మూడు షాఫ్ట్‌లకి తొమ్మిది ప్రొపెల్లర్లు పెట్టారు. 1897లో విక్టోరియా రాణి వజ్రోత్సవ నౌకా ప్రదర్శనలో అది సుమారు 34 నాట్ల వేగంతో దూసుకెళ్తే నేవీ పడవలు అందుకోలేకపోయాయి.

ఇప్పుడు మన రామగుండంలో 500 మెగావాట్ల యూనిట్లున్నాయి. అక్కడా ఆవిరి హెచ్‌పీ దాటి, బాయిలర్‌లో మళ్లీ వేడెక్కి, ఐపీ, ఎల్‌పీల మీదుగా స్టేజ్ తర్వాత స్టేజ్ దిగి కండెన్సర్‌లో నీరవుతుంది. మొదటి టర్బైన్‌కీ దీనికీ అరవై వేల రెట్లకి పైగా తేడా. మెట్లు దించే లాజిక్ మాత్రం మారలేదు.

పార్సన్స్ 1931లో జమైకా దగ్గర, ఓడ ప్రయాణంలో ఉండగా కన్నుమూశారు. ఆ ఓడ కూడా ఆవిరి టర్బైన్లతో నడిచేదే.