పరాయి గడ్డ మీద ఫలించిన కొలువు

మా సిద్దిపేట నుంచి సికింద్రాబాద్ వెళ్లే బస్సు ఎప్పుడెక్కినా అందులో పెద్ద సంచులతో ఒకరిద్దరు కనబడతారు. దుబాయికో మస్కట్‌కో పోయేవారు, సెలవు ముగించుకుని సైన్యంలోకి తిరిగి పోయేవారు, వారిని సాగనంపడానికి వచ్చిన తల్లిదండ్రులు. ఆదివారం ఆరాధనలో ఆ తల్లులే లేచి ప్రార్థన మనవి చెబుతారు. తమ బిడ్డ క్షేమంగా తిరిగి రావాలని అడుగుతారు. సంఘమంతా ఆమెన్ అంటాం. అది న్యాయమైన ప్రార్థనే. అయితే ఆ బిడ్డ అక్కడ ఉన్నన్నాళ్లు ఫలించాలని మనం ఎప్పుడైనా ప్రార్థించామా? దూరదేశంలో గడిచే సంవత్సరాలను మనం బతుకులోంచి తీసివేసిన సంవత్సరాలుగానే లెక్క కడుతున్నాం. అక్కడివాడు క్యాలెండరులో రోజులు కొట్టివేస్తాడు, ఇక్కడ మనమూ అదే పని చేస్తాం.

ఆ బస్సు ఆగే జూబిలీ బస్ స్టేషన్‌కు కొద్ది కిలోమీటర్ల దూరంలో, బేగంపేటలో పాత విమానాశ్రయానికి దగ్గరగా ఒక పాత భవనం ఉంది. దాని మీద సర్ రోనాల్డ్ రాస్ పేరు కనిపిస్తుంది. 1897లో అది సైనికుల ఆసుపత్రి. పై అధికారుల ఉత్తర్వు మీద సముద్రాలు దాటి వచ్చిన ఒక సైనిక వైద్యుడు, తనకు ఇష్టం లేని కొలువును లోకానికంతా మేలుగా మార్చిన చోటు అది. ఆయన జీవితంలో మనకూ మన బిడ్డలకూ ఒక పాఠం ఉంది.

రోనాల్డ్ రాస్ 1857 మే 13న హిమాలయాల దిగువన అల్మోరాలో పుట్టాడు. తండ్రి బ్రిటిష్ ఇండియా సైన్యంలో అధికారి. పదిమంది పిల్లల్లో ఈయన పెద్దవాడు. ఎనిమిదేళ్ల వయసులో చదువు కోసం ఇంగ్లండులోని బంధువుల ఇంటికి పంపారు. ఆ బాలుడికి బొమ్మలు వేయడం ఇష్టం, కవిత్వం ఇష్టం, సంగీతం ఇష్టం. వైద్యం మాత్రం ఇష్టం లేదు. కాని తండ్రి కోరిక అదే కావడంతో లండన్‌లోని సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రిలో చేరాడు. మనసు లేని చదువు ఎలా సాగుతుందో అలాగే సాగింది. ఒక పరీక్ష తప్పాడు. కొంతకాలం ఓడలో వైద్యుడిగా పనిచేశాడు. చివరికి 1881లో ఇండియన్ మెడికల్ సర్వీస్‌లో చేరి మద్రాసు రాష్ట్రానికి వచ్చాడు.

అప్పటి సైనిక వైద్యుడికి పగటిపూట కొద్ది గంటల పని ఉండేది. తక్కిన సమయమంతా తనదే. రాస్ ఆ సమయాన్ని ఆటల్లో, గణితంలో, కవిత్వంలో, నవలలు రాసుకోవడంలో గడిపాడు. అవేమీ పాపం కాదు. కాని మద్రాసు, బెంగళూరు, బర్మా, అండమాన్ దీవులు అంటూ ఊళ్లు మారుతున్నా ఆయన ఏ ఊరికీ చెందలేదు. ఏ ఊరి బాధా ఆయన బాధ కాలేదు. దాదాపు ఏడేళ్లు అలా గడిచాయి.

ఆ రోజుల్లోనే ఒక చిన్న సంగతి జరిగింది. 1883లో బెంగళూరులో ఆయన ఉన్న ఇంట్లో దోమలు విపరీతంగా ఉండేవి. కిటికీ దగ్గరున్న తొట్టిలో అవి పెరుగుతున్నాయని గమనించి నీళ్లు పారబోయించాడు. దోమలు తగ్గాయి. తక్కిన చోట్ల కూడా అలాగే చేద్దామని సైనికాధికారిని అడిగితే, ప్రకృతి క్రమాన్ని మనం చెరపకూడదని ఆ అధికారి కొట్టిపారేశాడు. రాస్ కూడా ఊరుకున్నాడు. చేతిలోకి వచ్చిన తాళంచెవి అది. అది ఏ తలుపుదో అప్పటికి ఆయనకు తెలియదు.

1888లో సెలవు మీద ఇంగ్లండు వెళ్లినప్పుడు ఆయనలో మార్పు మొదలైంది. తాను ఉంటున్న దేశంలో ప్రజలు ఇంతగా జబ్బుపడుతుంటే, వైద్యుడినై ఉండి తాను చేస్తున్నదేమిటన్న ప్రశ్న ఆయనను పట్టుకుంది. ప్రజారోగ్యంలో డిప్లొమా చదివాడు, సూక్ష్మజీవుల శాస్త్రం నేర్చుకున్నాడు. 1889లో రోసా బ్లాక్సమ్‌ను పెళ్లి చేసుకుని తిరిగి కొలువుకు వచ్చాడు. ఈసారి వచ్చినవాడు కళ్లు తెరిచిన మనిషి.

మలేరియాను మన పెద్దలు చలిజ్వరం అనేవారు. దుప్పట్లు ఎన్ని కప్పినా వణుకు ఆగేది కాదు. కొయినా మాత్రలు మింగించేవారు. అది చెడ్డ గాలి వల్ల వస్తుందని ఆనాటి లోకమంతా నమ్మింది. మలేరియా అన్న మాటకు అర్థమే చెడ్డ గాలి. ఈ దేశంలో ఏటా లక్షలాది ప్రాణాలు ఆ జ్వరానికి పోయేవి. 1880లో లావెరాన్ అనే ఫ్రెంచి వైద్యుడు రోగి రక్తంలో ఆ జ్వరాన్ని కలిగించే సూక్ష్మజీవిని కనిపెట్టాడు. ఆయన కూడా అల్జీరియాలో, పరాయి దేశపు కొలువులో ఉన్న సైనిక వైద్యుడే. అయితే ఆ జీవి ఒక మనిషి నుంచి మరో మనిషికి ఎలా చేరుతుందో ఎవరికీ తెలియలేదు. 1894లో లండన్‌లో పాట్రిక్ మాన్సన్ అనే పెద్ద వైద్యుడు రాస్‌కు ఆ జీవిని మైక్రోస్కోప్‌లో చూపించాడు. దానిని దోమ మోస్తుందేమోనన్న తన ఊహను కూడా చెప్పాడు.

1895లో రాస్‌ను సికింద్రాబాద్‌లోని 19వ మద్రాసు పదాతి దళానికి వేశారు. ఇంచుమించు అదే సమయంలో అదే దండు ప్రాంతానికి మరో ఇంగ్లీషువాడు వచ్చాడు. ఆయన పేరు మన సంఘాల్లో అందరికీ తెలుసు. చార్లెస్ వాకర్ పాస్నెట్ తిరుమలగిరిలో బ్రిటిష్ సైనికుల మధ్య పరిచర్య మొదలుపెట్టి, అక్కడితో తృప్తిపడక మెదక్ పల్లెలకు తరలిపోయాడు. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించిన మెదక్ చర్చి ఆయన కట్టించిందే. ఒకరు సువార్త కోసం దండు దాటి వెళ్లారు. మరొకరు దండులోనే ఉండి దోమలు పట్టారు. దేవుని పొలంలో పనులు ఎన్ని రకాలో చూడండి!

రాస్ పడిన పాట్లు ఒకటి రెండు కావు. ఏ రకం దోమ ఈ జ్వరాన్ని మోస్తుందో తెలియక దొరికిన దోమనల్లా పరీక్షించాడు. అవి తప్పు రకం దోమలు కనుక వందల దోమలను కోసినా ఏమీ కనబడలేదు. పని మధ్యలో ఉండగానే 1895 సెప్టెంబరులో కలరాను అరికట్టడానికి బెంగళూరు వెళ్లమని ఉత్తర్వు వచ్చింది. వెళ్లాడు. 1897లో నీలగిరి ప్రాంతంలో పరిశోధిస్తూ తానే మలేరియా బారినపడ్డాడు. కోలుకుని ఆ ఏడాది జూన్‌లో మళ్లీ సికింద్రాబాద్ చేరాడు.

ఆ వేసవి ఉక్క మనకు కొత్త కాదు. పంకా లాగిస్తే దోమలు ఎగిరిపోతాయి కనుక పంకా లేకుండానే గంటల తరబడి మైక్రోస్కోప్ మీద వంగి కూర్చునేవాడు. నుదుటి చెమట కారి దాని మరలు తుప్పుపట్టాయి. కళ్లు మసకబారేవి. ఆగస్టులో, గోధుమరంగు దేహంతో, రెక్కల మీద మచ్చలున్న కొత్తరకం దోమలు ఆయన చేతికొచ్చాయి. ఆగస్టు 16న హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని అవి కుట్టేలా చేశాడు. ఒక్కో దోమకు ఒక అణా చొప్పున అతనికి ఇచ్చాడు. ఆగస్టు 20 నాటికి మిగిలినవి కొద్ది దోమలే. వాటిలో ఒకదాని పొట్ట గోడలో నల్లని రేణువులతో నిండిన గుండ్రని కణాలు కనిపించాయి. మలేరియా జీవిలో ఉండే రేణువులే అవి. మరునాడు కోసిన దోమలో అవి ఇంకా పెద్దవయ్యాయి. అంటే ఆ జీవి దోమలో పెరుగుతోందన్నమాట! శతాబ్దాల తలుపు తెరుచుకుంది. ఆగస్టు 20ని నేటికీ ప్రపంచ దోమల దినంగా పాటిస్తున్నారు.

రాస్ మిషనరీ కాదు, బోధకుడూ కాదు. గొప్ప భక్తుడని ఆయనను ఎవరూ చెప్పుకోలేదు. కాని ఆ రోజుల్లో భార్యకు రాసి పంపిన పద్యంలో తన తెలివిని పొగుడుకోలేదు. కన్నీళ్లతో వెదికిన రహస్యాన్ని దేవుడే కనికరించి తన చేతిలో పెట్టాడని రాసుకున్నాడు.

ఇంతలోనే మరో ఉత్తర్వు వచ్చింది. వెలుగు కనిపించిన కొద్ది వారాలకే ఆయనను రాజపుతానాలోని ఖేర్వాడాకు బదిలీ చేశారు. అక్కడ ఆయన పరిశోధనకు పనికొచ్చే రోగులే లేరు. నెలలు వృథా అయ్యాయి. మాన్సన్ పట్టుబట్టి ప్రయత్నించిన మీదట 1898లో కలకత్తాకు పంపారు. అక్కడ మనుషుల మీద పరిశోధన సాగకపోతే పక్షులను తీసుకున్నాడు. పక్షులకు వచ్చే మలేరియా దోమ లాలాజల గ్రంథుల ద్వారా ఆరోగ్యంగా ఉన్న పక్షికి చేరుతుందని ఆ ఏడాది జూలైలో రుజువు చేశాడు. 1902లో వైద్యంలో నోబెల్ బహుమతి అందుకున్నాడు. బ్రిటిష్ వారిలో ఆ బహుమతి మొదట పొందినవాడు ఆయనే. ఒకప్పుడు తొట్టి నీళ్లు పారబోయించి ఊరుకున్న మనిషి, తర్వాత ఆఫ్రికా, ఈజిప్టు, మారిషస్ వంటి చోట్ల నీటి మడుగులను తొలగించి జ్వరాన్ని తగ్గించే పనిలో తిరిగాడు.

ఆయనలోని లోపాలను కూడా దాచకూడదు. మనుషుల్లో ఆ జ్వరాన్ని మోసేది అనాఫిలిస్ దోమేనని నిరూపించిన ఇటలీ శాస్త్రవేత్త గ్రాసీతో ఆయన ఏళ్ల తరబడి కలహించాడు. తన శ్రమకు తగిన ప్రతిఫలం రాలేదని చివరి వరకూ నొచ్చుకున్నాడు. 1914లో పెద్ద కొడుకును యుద్ధంలో పోగొట్టుకున్నాడు. 1932 సెప్టెంబరు 16న కన్నుమూశాడు. కలహం ఆయన పండించిన ఫలాన్ని తగ్గించలేదు, ఆయన ఆనందాన్ని మాత్రం తినేసింది. మరొక మాట. అణాలకు దోమకాటు ఒప్పుకున్న హుస్సేన్ ఖాన్‌ను, కలకత్తాలో దోమలను పెంచి సాయపడిన మహమ్మద్ బక్స్‌ను లోకం పెద్దగా తలచుకోదు. వారి బాధ, వారి చాకిరీ లేకుండా ఆ బహుమతి లేదు. మనుషులు మరచిన పేర్లను దేవుడు మరువడు.

పరిశుద్ధ గ్రంథంలో యోసేపు కూడా తాను కోరుకోని దేశానికి వెళ్లినవాడే. అన్నలు అమ్మేస్తే ఐగుప్తు చేరాడు. చేయని తప్పుకు చెరసాలలో పడ్డాడు. తన గోడు తాను వెళ్లబోసుకుంటూ ఉండవచ్చు. కాని ఒక ఉదయం తోటి ఖైదీల ముఖాలు చిన్నబోయి ఉండడం చూసి కారణమేమిటని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నే ఆయనను ఫరో ముందు నిలబెట్టింది, కరవులో జనాన్ని కాపాడింది. తన రెండో కుమారునికి ఎఫ్రాయిము అని పేరు పెట్టాడు. తాను శ్రమపడిన దేశమే తనకు ఫలమిచ్చిన దేశమైందని దేవుని స్తుతించడానికి పెట్టిన పేరది.

రాస్ జీవితం తిరిగిన మలుపు కూడా అదే. ఉత్తర్వులు మారలేదు, జీతం మారలేదు, ఎండ మారలేదు. చుట్టూ ఉన్నవారి ముఖాలను చూడడం మొదలుపెట్టాడు, అంతే. మొదటి ఏడేళ్లు, తర్వాతి సంవత్సరాలు ఒకే కొలువులోనివి. తేడా ఆ చూపులోనే ఉంది.

మలేరియా ఇంకా పోలేదు. నేటికీ ఏటా లోకంలో సుమారు 6 లక్షల మంది దాని వల్ల చనిపోతున్నారు. వారిలో ఎక్కువమంది ఆఫ్రికాలోని అయిదేళ్లలోపు పిల్లలు. వానాకాలంలో మన ఇంటి ముందు పాత టైర్లలో, కుండీల్లో నిలిచిన నీళ్లు పారబోయడం కూడా పొరుగువానిని ప్రేమించడమే.

ప్రియమైన తల్లిదండ్రులారా, ఈసారి ఫోనులో మాట్లాడినప్పుడు ఇంకెన్నాళ్లని మాత్రమే మీ బిడ్డను అడగకండి. నీ గదిలో ఉండేవారెవరు, వారిలో ఎవరికి బాగాలేదు, నీవు వారికేం చేస్తున్నావు అని కూడా అడగండి. సరిహద్దుల్లో కాపలా కాస్తున్నా, ఎడారిలో గోడలు కడుతున్నా, ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ చేస్తున్నా, ఆ చోటు వారికి చెర కాకుండా పొలం కావాలని కోరుకుందాం. మన బిడ్డలు క్షేమంగా తిరిగి రావాలి. వారు ఉన్నచోట కొందరికి క్షేమం కలిగించి మరీ రావాలి. మనలను ఎక్కడ ఉంచినా అక్కడే ఫలింపజేయగల దేవుడు అట్టి కృపను మన కుటుంబాలన్నిటికీ దయచేయును గాక. ఆమెన్.