గురువు మెచ్చని శిష్యురాలు

సేవాసంఘాలు చందాలు పోగుచేసి, శిక్షణ పొందిన నర్సులను పరదేశాలకు పంపి, అక్కడి ఆసుపత్రులలో కొత్తవారిని తీర్చిదిద్దే నాయకురాండ్రుగా నిలబెట్టడం నేడు మనం వింటున్న విషయమే. ఇట్టి కార్యాలు చేస్తున్న రోటరీ పుట్టినది 1905లో. అంతకు సుమారు నలుబది ఏండ్లకు పూర్వమే ప్రజల చందా సొమ్ముతో ఇటువంటి ప్రయత్నం ఒకటి జరిగింది. దానికి మూలస్తంభమైన స్త్రీ పేరు లూసీ ఆస్బర్న్. ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరు ఎరుగని పాఠకుడు మనలో లేడు. ఆ మహనీయురాలు ఎంపిక చేసి పంపి, తరువాత మనసు విరుచుకొన్న ఈ శిష్యురాలిని ఆస్ట్రేలియాలో గౌరవంగా తలచుకొంటారు. మన వైపు ఎరిగినవారు అరుదు.

క్రిమియా యుద్ధకాలంలో నైటింగేల్ చేసిన సేవకు కృతజ్ఞతగా ఇంగ్లండు ప్రజలు సుమారు 45,000 పౌనుల నిధిని సమకూర్చారు. ఆ నిధితోనే 1860లో లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణాలయం వెలసింది. అక్కడ తయారైనవారు కేవలం రోగులకు మందు త్రాగించి ఊరుకొనేవారు కారు. ఇతర ఆసుపత్రులకు వెళ్లి, అక్కడ మరికొందరిని తయారుచేయవలసినవారు.

లూసీ 1836లో లీడ్స్ నగరంలో జన్మించింది. తండ్రి విలియం ఆస్బర్న్ ప్రాచీన ఈజిప్టు విషయాలలో పండితుడు. ఆ కాలంలో ఇంగ్లండులో నర్సు అంటే ఇంటిపనికి సైతం పనికిరాని స్త్రీ అన్న భావం ఇంకా చెదరలేదు. పండితుని ఇంటి ఆడపడుచు ఆ వృత్తిలో ప్రవేశించడాన్ని పెద్దలు హర్షించలేదు. ఆమె లక్ష్యపెట్టలేదు. ముప్పదవయేట, 1866లో, సెయింట్ థామస్‌లో చేరింది.

అదే సంవత్సరంలో న్యూ సౌత్ వేల్సు ప్రభుత్వంలో మంత్రిగా ఉన్న హెన్రీ పార్క్స్, సిడ్నీ ఇన్‌ఫర్మరీకి నర్సులను పంపవలసిందిగా నైటింగేల్‌ను అర్థించాడు. ఆ ఆసుపత్రి పుట్టుకయే విచిత్రమైనది. గవర్నరు మెక్వారీ దానిని కట్టించ తలపెట్టినప్పుడు ఖజానాలో ధనం లేదు. కట్టడానికి ముందుకు వచ్చిన గుత్తేదారులకు డబ్బుకు బదులు 45,000 గాలన్ల రమ్ము దిగుమతి చేసుకొనే హక్కును కట్టబెట్టాడు. జనులు దానిని రమ్ము ఆసుపత్రి అనే పిలిచేవారు. సారా సొమ్ముతో లేచిన ఆ భవనాలకు యాభై ఏండ్లు నిండేసరికి గోడల నిండా క్రిములు, వంటశాల నిండా మాలిన్యం.

లూసీ ఐదుగురు నర్సులతో 1868 మార్చి 5న సిడ్నీలో ఓడ దిగింది. సరిగా వారం తిరిగేసరికి, విక్టోరియా రాణి కుమారుడు ఆల్ఫ్రెడ్‌ను క్లాంటార్ఫ్ వద్ద ఓఫారెల్ అనే ఐర్లండు జాతీయుడు తుపాకితో కాల్చాడు. రాజకుమారునికి ఉపచారం చేయడానికి కొత్తగా వచ్చిన నర్సులనే పిలిపించారు. అతడు కోలుకొన్నాడు; వారి పేరు ఊరంతా మారుమ్రోగింది.

ఆ అదృష్టంలోనే రెండు ముళ్లు దాగి ఉన్నాయి. రాజకుమారుని ఉపచారాన్ని గూర్చి లూసీ ఇంటికి వ్రాసిన లేఖ బంధువుల ద్వారా పదిమంది చేతులలో పడింది. రోగి విషయం గడప దాటరాదన్న నియమం గల నైటింగేల్‌కు ఇది సహించరానిదైంది. రెండవది ఇంకా లోతైనది. హంతకుని ప్రయత్నం వలన సిడ్నీలో రోమను కాథలిక్కులపై ద్వేషం భగ్గుమన్నది. మన ఊళ్ల ఆసుపత్రులలో నర్సును సిస్టరు అని పిలవడం ఎంత సహజమో చెప్పనక్కరలేదు. ఆనాటి సిడ్నీలోని ప్రొటెస్టెంట్ల చెవికి మాత్రం ఆ మాటలో సన్యాసినుల మఠం వినిపించింది. 1870లో లూసీ బైబిళ్లను తగులబెట్టించినదని అభియోగం లేచింది. విచారించగా తగులబడినవి పురుగులు పట్టి చినిగిపోయిన పాత పుస్తకాలని తేలింది. అయినా అపవాదు తేలినంత త్వరగా అనుమానం తీరదు కదా!

ఇక ఇంటిపోరు. వెంట వచ్చిన ఐదుగురితో ఆమెకు పొసగలేదు. ఆమె వైపు తప్పు లేదని అనలేము. కొంత దర్పం, కొంత మాట తొందర ఉన్నవి. ఒప్పందం మూడేండ్లది, ఆ గడువు అటూఇటూగా వారు ఆమెను విడిచి తలొక దారి పట్టారు. వారిలో హాల్డా టరిఫ్ మెల్బోర్నులో, ఆ రాజకుమారుని పేరనే వెలసిన ఆల్ఫ్రెడ్ ఆసుపత్రికి మొదటి మేట్రన్ అయింది. జట్టు చెదరినదని గురువు నొచ్చుకొన్నది. అయితే చెదరిన చోటల్లా ఒక విత్తనం పడినదన్న సంగతి లండనుకు కనబడలేదు. ఉత్తరం చేరడానికే సుమారు రెండు నెలలు పట్టే రోజులవి. భారతదేశంలో అడుగుపెట్టకుండానే మన పారిశుద్ధ్యాన్ని గూర్చి దశాబ్దాల తరబడి వ్రాసిన మేధావిని నైటింగేల్. కానీ వార్డులో జరిగే కలహాన్ని కాగితం మీద తూచడం వేరు. దూరాన ఉన్న శిష్యుడు మన అచ్చున దిగకపోతే ఓడిపోయినాడనుకొనే దౌర్బల్యం, పాఠాలు చెప్పుకొని బ్రతికే నాబోటివారికి కొత్త కాదు.

లూసీ కష్టానికి అసలు కారణం వేరొకచోట ఉన్నది. పాలక సంఘం ఆమెను పర్యవేక్షకురాలని పిలిచి, ఆమె అధికారానికి అడుగడుగునా అడ్డు తగిలేది. కొందరు వైద్యులు స్త్రీ ఆజ్ఞను సహించలేదు. 1873లో విండియర్ అధ్యక్షతన ఏర్పడిన రాయల్ కమిషన్ ఈ సంగతులన్నిటినీ తవ్వి తీసింది. ఆసుపత్రి దుస్థితికి పాలక సంఘపు నిర్లక్ష్యమూ జోక్యమూ కారణమని తేల్చి, లూసీ పనిని సమర్థించింది.

ఆపైన ఆమె పదునొకండు సంవత్సరాలు అక్కడే ఉన్నది. వలసదేశపు బాలికలను చేర్చుకొని శిక్షణ ఇచ్చింది. ఆమె చేతిమీదుగా వెళ్లినవారు ఇతర ఆసుపత్రులకు పెద్దలయ్యారు. ఇన్‌ఫర్మరీ 1881లో సిడ్నీ ఆసుపత్రి అనే పేరు దాల్చింది. 1884లో ఆమె ఉద్యోగం విడిచి స్వదేశం చేరింది. విశ్రాంతి తీసుకొన్నదా? లేదు. లండనులో పేదల ఇండ్లకు వెళ్లి ఉపచారం చేసే నర్సుల సంఘంలో పనిచేసింది. మధుమేహం ముదిరి, 1891 డిసెంబరు 22న హారోగేట్‌లో సోదరి ఇంట కన్నుమూసింది. నైటింగేల్ మరి పందొమ్మిదేండ్లు జీవించింది.

సిడ్నీలో మెక్వారీ వీధిన, లూసీ బృందం నివాసానికై కట్టిన ఇటుకల భవనం నేటికీ నిలిచి ఉన్నది. నైటింగేల్ సలహాతో కట్టినది గనుక దానికి ఆమె పేరే పెట్టారు. అందులోని ప్రదర్శనశాలకు మాత్రం ఇద్దరి పేర్లూ ఉన్నవి. లూసీ పేరు ముందు, గురువు పేరు తరువాత.