సినిమా లోకంలో సాదత్ హసన్ మంటో

‘టోబా టేక్ సింగ్’ కథను మా విద్యార్థులలో చాలామంది చదివియున్నారు. అయితే ఆ కథకుడు పెక్కు సంవత్సరాలు బొంబాయి స్టూడియోలలో నెల జీతానికి కథలూ సంభాషణలూ వ్రాసి జీవించారని చెప్పినపుడు వారు ఆశ్చర్యపోవడం మేము గమనించాము.

మంటో 1912 మే 11న పంజాబులోని సమ్రాలాలో కాశ్మీరీ కుటుంబమున జన్మించారు. మెట్రిక్యులేషన్‌లో ఆయన తప్పిన పాఠ్యాంశాలలో ఉర్దూ కూడ ఉన్నది! పరీక్ష తప్పినవారు దీనిని ఊరటగా భావింపవచ్చును గాని, సాకుగా చూపరాదు. అబ్దుల్ బారీ అనే పాత్రికేయుడు ఆయనను చదువువైపు మళ్ళించి, విక్టర్ హ్యూగో రచన నొకదానిని ఉర్దూలోకి అనువదింపజేశారు.

1936లో బొంబాయి చేరి ‘ముసవ్విర్’ అనే సినీ వారపత్రికకు సంపాదకులైనారు. మరుసటి ఏడు ఇంపీరియల్ కంపెనీవారి ‘కిసాన్ కన్యా’ అనే రంగుల చిత్రానికి రచన చేశారు. దాని నిర్మాత అర్దేషిర్ ఇరానీయే మన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’కు కూడ నిర్మాత. 1941లో ఢిల్లీ రేడియోలో చేరి, ఏడాదిన్నర కాలంలో నూరుకు పైగా నాటికలు వ్రాసి, తిరిగి బొంబాయికే వచ్చారు.

ఫిల్మిస్తాన్‌లో అశోక్ కుమార్ ఆయనకు ఆప్తమిత్రుడైనాడు. ‘ఆఠ్ దిన్’ చిత్రంలో మంటో స్వయంగా ఒక చిన్న వేషం కూడ ధరించారు. ఆ రోజుల పరిచయాలన్నీ తరువాత ‘గంజే ఫరిష్తే’ అనే గ్రంథంలో రూపుచిత్రాలైనవి. కీర్తిశేషులను గూర్చి మంచియే పలుకవలెనన్న మర్యాదను ఆయన పాటింపలేదు. కొన్నిచోట్ల హద్దు మీరినారనే మా అభిప్రాయం. కాని తారల పొగడ్తలతో నిండిన సినీ పత్రికలలో అట్టి నిష్కపటపు రాత వేరొకటి మాకు కానరాదు.

ఇక దేశ విభజన. బొంబాయి టాకీస్‌లో ముస్లిములకు ఉద్యోగాలిచ్చుచున్నారని బెదిరింపు ఉత్తరాలు వచ్చినవి. ఒకనాడు అశోక్ కుమార్ ఆయనను కారులో ముస్లిం పేటమీదుగా ఇంటికి తీసుకొనిపోవుచుండగా, ఎదురుగా పెండ్లి ఊరేగింపు వచ్చినది. మిత్రునికి ఏ అపాయం కలుగునో యని మంటో వణికిపోయారు. ఆ జనమేమో అశోక్ కుమార్‌ను గుర్తించి, అన్నా అని పిలిచి, సులువైన సందు చూపి పంపించారు. నటుడికి అన్ని వాడలలోనూ అభిమానులున్నారు, రచయితకు ఎవరున్నారు? తన కథను కాదని స్టూడియోవారు ఇతరుల కథలను స్వీకరించుట కూడ ఆయన మనస్సును నొప్పించినది. భార్య సఫియా అప్పటికే లాహోరులో ఉన్నది. 1948 జనవరిలో మంటో బొంబాయిని వదలిపోయారు.

లాహోరులో సినిమా పని కరవైనది. పత్రికలకు కథ ఇచ్చి, ఆ డబ్బుతో ఆ పూట గడుపుకొనుట, ఆపై మద్యం. అశ్లీల రచన అన్న ఆరోపణపై ఇరు దేశాల కాలంలోనూ కలిపి ఆరు పర్యాయములు న్యాయస్థానం మెట్లెక్కారు. 1955 జనవరి 18న, నలుబది మూడేండ్లు నిండకుండగనే మరణించారు.

ఆయన సమకూర్చిన గాలిబ్ కథను సొహ్రాబ్ మోదీ ‘మీర్జా గాలిబ్’ పేరున 1954లో చిత్రంగా తీశారు. దానికి రాష్ట్రపతి స్వర్ణపతకం లభించినది. ఆ పతకం ప్రదానం చేయబడిన నాటికి కథారచయిత లాహోరు శ్మశానవాటికలో ఉన్నారు.